ఫోన్ అడిక్షన్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. నీట్ లాంగ్ టర్మ్ వద్దు, సైకాలజీ చదివి ఫోన్, గేమ్ అడిక్షన్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. తనే రోజూ నాలుగు గంటలు ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. క్లినికల్ సైకాలజీ మేలా, రీసెర్చ్ మేలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరడిగింది కోర్సు గురించే అయినా, అసలు భయం ఆ నాలుగు గంటల దగ్గరుంది, పిల్ల చెడిపోతోందేమోనని. ముందు అది తీసేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, కానీ అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పి, చదువూ తిండీ నిద్రా అన్నీ దాని తర్వాతే అయిపోయి, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆపలేక, మామూలుగా ఏడాదిపాటు అలా సాగితేనే ఆ పేరు పెడతారు. సోషల్ మీడియా అడిక్షన్ అయితే అందులో విడిగా జబ్బుగా లేనే లేదు. బాగా చదువుతున్న పిల్లని పట్టుకుని అడిక్ట్ అని మాత్రం అనకండి సార్, ఆ మాట చాలా లోతుగా గుచ్చుకుంటుంది.

అలవాటు ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? మీ అమ్మాయి వెళ్తానంటున్న రంగంలో పెద్ద చిక్కు ఇదే. మొన్న నా దగ్గరికొచ్చిన ఒక నాన్న తాను ఫోన్ రోజుకి గంటే చూస్తానన్నారు, సెట్టింగ్స్ తెరిస్తే మూడు గంటల నలభై నిమిషాలుంది. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే గంటే అనుకుంటున్నారు. ఎన్నో పరిశోధనలు ఇలా మనుషులు నోటితో చెప్పిన లెక్కల మీదే నడిచాయి, ఫోన్‌లో నమోదైన సమయంతో పోలిస్తే చాలాసార్లు పొంతన కుదరలేదు. అందుకే ఇక్కడ స్టాటిస్టిక్స్ అంటే భయపడనివాళ్లు కావాలి. అమ్మాయికి లెక్కలంటే ఎలా ఉంటుందో అడిగారా?

నాకు అనుమానమున్నది ఇంకో దారి మీద. కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సుతో "డిజిటల్ డీటాక్స్ కోచ్" సర్టిఫికెట్ ఇస్తామని ఇప్పుడు ఎక్కడ చూసినా ప్రకటనలే. దయచేసి దానికి డబ్బు కట్టకండి. క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మానసిక సమస్యలున్నవాళ్లకి చికిత్స చేసేవాళ్లుగా, పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, అక్కడే రిజిస్టర్ కావాలి, ఆ సర్టిఫికెట్‌తో అది రాదు. కోర్సుల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, చేరేముందు కాలేజీ పేరు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రీసెర్చ్ అంటే పీజీ, యూజీసీ నెట్ పరీక్ష, పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000. దారి పొడుగే, ఉద్యోగాలు కూడా తక్కువే, దాచను. కానీ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచే టెక్నాలజీ వాడకం సమస్యలకి షట్ క్లినిక్ నడుస్తోంది, అంటే ఇది గాలిలో మాట కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హెల్త్ సైకాలజీ ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ గురించి కూడా కనుక్కోండి. క్లినికలా, రీసెర్చా అన్నది డిగ్రీ అయ్యేలోపు తేల్చుకోవచ్చు, ఇప్పుడే టెన్షన్ పడకండి.

ఈ ఆదివారం తన పక్కన కూర్చుని ఆ నాలుగు గంటల్లో ఏం చూస్తోందో అడగండి, తిట్టకుండా. ముందు మీ ఫోన్ లెక్క తనకి చూపించండి.