ఇనుప ఫ్రేమ్ మీద టేకు టాప్ ఎందుకు చీలింది?

ప్రశ్న: టేకు పలకలు అతికించి, రెండడుగుల వెడల్పుతో రాతబల్ల చేశాను. కింద స్క్వేర్ పైపు ఫ్రేమ్ నేనే వెల్డింగ్ చేసి, పది స్క్రూలతో గట్టిగా బిగించాను. వానల్లో బాగానే ఉంది. ఎండలు ముదిరాక ఒక పలక నిలువునా చీలింది. కర్ర పచ్చిదా, జిగురు నాసిదా? పైగా ఒక కాలు నేలకు ఆనడం లేదు. ఫొటో పంపుతున్నాను.

జవాబు: జిగురుదే తప్పయితే అతుకు దగ్గర విడిపోయేది. మీ ఫొటోలో చీలిక పలక మధ్యలో, పీచు వెంబడి ఉంది. కాబట్టి నా అనుమానం ఆ పది స్క్రూల మీదే.

బాగా ఆరిన కర్ర కూడా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవులో ఆ తేడా లెక్కలోకి రాదు, అంతా వెడల్పులోనే. మీ టాప్ వానలకూ ఎండలకూ మధ్య 4, 5 మిల్లీమీటర్లు మారినా ఆశ్చర్యం లేదు. ఇనుముకు తేమతో పనే లేదు. వేడి 30 డిగ్రీలు పెరిగినా రెండడుగులకు అది సాగేది సుమారు 0.2 మిల్లీమీటర్లు. పైది ముడుచుకోవాలి, కిందిది కదలదు, స్క్రూలు వదలవు. పలక ఏం చేస్తుంది, చీలుతుంది. ఇలాంటప్పుడు కొందరు ఇంకో నాలుగు స్క్రూలు దిగ్గొడతారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు స్క్రూలన్నీ విప్పి, టాప్‌ను కొన్నాళ్లు నీడలో అలా వదిలేయండి. చీలిక కొంత దానంతటదే దగ్గరవుతుంది. అప్పుడు జిగురు పట్టించి క్లాంపులు బిగించండి.

అసలు పని ఫ్రేమ్‌లో ఉంది. వెడల్పుకు సరిగ్గా మధ్యనున్న బెజ్జాలు అలాగే ఉంచండి. అంచుల వైపున్న వాటిని వెడల్పు దిశలో సాగదీయాలి. బెజ్జం పక్కనే ఇంకోటి వేసి, రెంటి మధ్య మిగిలిన ఇనుమును గుండ్రటి ఆకురాయితో రాస్తే 12 నుంచి 15 మిల్లీమీటర్ల గాడి వస్తుంది. అయితే స్క్వేర్ పైపుకు రెండు గోడలు కదా, రెంటికీ గాడి చేయాలి, విసుగు పుడుతుంది. నేనైతే పైపు లోపలివైపు, పై అంచుకు సమంగా చిన్న యాంగ్లర్ (L ఆకారపు ఇనుప పట్టీ) ముక్కలు వెల్డింగ్ చేసి, గాడులు వాటిలోనే వేస్తాను. స్క్రూ కింద వెడల్పాటి వాషర్ వేయండి. వాషర్‌ను వేలితో తోస్తే కాస్త బిగువుగా తిరగాలి. అంతకన్నా బిగిస్తే గాడి ఉండీ లేనట్టే.

అన్నట్టు, టాప్ అడుగుభాగం పాలిష్ లేకుండానే వదిలేసినట్టు కనిపిస్తోంది. పైన ఎన్ని కోట్లు పాలిష్ వేశారో అడుగునా అన్నే వేయండి. లేకపోతే తేమ ఒకవైపే ఎక్కి పలక దోనెలా వంగుతుంది.

ఇక కాలు సంగతి. వెల్డింగ్ చల్లారేటప్పుడు అతుకు ముడుచుకుని పైపును తనవైపు లాగుతుంది. ఒక మూల పూర్తిచేసి ఇంకో మూలకు వెళితే ఫ్రేమ్ మెలి తిరగడం ఖాయం. అన్ని మూలలకూ ముందు చిన్న టాకాలే (చుక్కల్లాంటి వెల్డింగ్) వేయాలి. కర్ణాలు రెండూ టేపుతో కొలిచి, సమానంగా వచ్చాకే ఎదురెదురు మూలలు మార్చి మార్చి నింపాలి. ఇప్పుడు మాత్రం పొడవుగా ఉన్న కాళ్లు కోయకండి. ఒకటి కోస్తే ఇంకోటి లేస్తుంది. నాలుగు కాళ్ల అడుగునా నట్టు వెల్డింగ్ చేసి, బోల్టు ఎక్కించండి. తిప్పుకుంటూ సరిచేసుకోవచ్చు.

ఈ వెల్డింగ్, గ్రైండింగ్ అంతా టాప్ విప్పి పక్కన పెట్టాకే, రంపపు పొట్టు పూర్తిగా ఊడ్చాకే. నిప్పురవ్వ పొట్టులో పడితే వెంటనే మంట కనబడదు, లోలోపల రాజుకుంటుంది. ఇనుప రజను టేకు మీద పడినా తంటానే, తడి తగిలితే నల్లమచ్చలు పడతాయి. పాలిష్‌కు ముందు అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఒకసారి పలకంతా తిప్పండి.