కట్టు విప్పారు సరే, మర్దన మాటెత్తకు

చిన్నీ,

పాపకి తుంటి సమస్యకని వేసిన పిండికట్టు తీసేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నడుము నుంచి చీలమండల దాకా కట్టుతో ఉన్న పిల్లని ఎండాకాలమంతా, డైపర్ తడి కట్టుకి తగలకుండా సాకావు చూడు, చిన్నప్పుడు పాలగ్లాసు కూడా ఒలకబోయకుండా తాగలేని పిల్లవి, నువ్వేనా ఇదంతా చేసింది అనిపించింది. అంతలోనే మీ అమ్మ రెండో మాట చెప్పింది. ఊరికి తీసుకొచ్చి నూనె మర్దన చేయించి, మీ తమ్ముడి పెళ్లికల్లా పాపని నడిపించేస్తావట. వాకర్ కూడా ఆర్డర్ పెట్టావట.

వాకర్ వెనక్కి పంపెయ్. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం, మనవాళ్లు మాత్రం పుట్టినరోజుకి కానుకగా తెస్తారు. చర్మం పొట్టు రాలుతుంటే గోరువెచ్చటి నీళ్లు చాలు, నలుగుపిండి పెట్టి రుద్దకు.

ఇక మర్దన. మా తోటికోడలి పెద్దపిల్లకీ ఇదే తుంటి సమస్య. తొడ ఎముక తల, తుంటిలో అది కూర్చునే గిన్నెలోంచి జారిపోయి ఉందని నడక వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆపరేషన్ చేసి సరిగ్గా కూర్చోబెట్టి కట్టు వేశారు, తర్వాత తీశారు. ఇంటికొచ్చిన పిల్ల కాళ్లు కప్ప కాళ్లలా ఎడంగానే ఉండేసరికి మా అత్తగారికి కంగారు, ఆడపిల్ల ఇలాగే ఉండిపోతే ఎలా అని. పసిపిల్లలకి నీళ్లు పోసే ఆమెని పిలిపించారు. ఊళ్లో సగంమంది ఆమె చేతిలో పెరిగినవాళ్లే, ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లని కాళ్ల మీద వేసుకుని, ఆముదం రాసి, మోకాళ్లు రెండూ దగ్గరకి తెచ్చి నిటారుగా లాగింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మర్దనకి ఏ పిల్ల ఏడవదు అనుకున్నారు. సాయంత్రానికి తొడ వాచింది, గుడ్డ మార్చబోతే కాలు ముట్టనివ్వలేదు. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక విరిగింది. డాక్టరు ఎవరినీ తిట్టలేదు. నెలల తరబడి కదలకుండా ఉన్న ఎముక బలహీనపడుతుందమ్మా, కొద్ది ఒత్తిడికే విరుగుతుంది అని చెప్పి మళ్లీ కట్టు వేశాడు. మా తోటికోడలు చాలాకాలం అత్తగారితో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం ఆ రెండో కట్టు ఉన్నన్నాళ్లూ పిల్ల మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నారు. ప్రేమ లేక చేసింది కాదు కదా, అదే నా భయం. మీ ఊళ్లోనూ ప్రేమగా లాగేవాళ్లు చాలామంది ఉన్నారు.

కాళ్లు ఎడంగా ఉన్నాయని దిగులు పడకే తల్లీ. అలా ఉంటేనే ఎముక తల గిన్నెలో లోతుగా కుదురుకుంటుంది. మెల్లగా వాటంతటవే దగ్గరకొస్తాయి. పిల్లని నేల మీద చాప వేసి వదిలెయ్. ముందు బోర్లాపడుతుంది, తర్వాత దోగాడుతుంది, ఒకరోజు మంచంకోడు పట్టుకుని లేస్తుంది. చేతులు పట్టి నువ్వు నడిపించకు. కొందరికి వారాలు, కొందరికి నెలలు, మొదట్లో కుంటుతుంది కూడా. పెళ్లిలో ఎవరైనా ఇంకా నడవట్లేదా అంటే నా దగ్గరికి పంపు, నేను చెప్తా వాళ్లకి. చంకనెత్తుకో, అది మంచిదే. రాత్రిపూట పెట్టమని కాళ్లు ఎడంగా ఉంచే బెల్టు ఇచ్చి ఉంటే ఏడ్చిందని తీసెయ్యకు. జ్వరమొచ్చినా, తొడ వాచినా, ఒక కాలు అసలు కదపకపోయినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే తీసుకెళ్లు. రేపు ఇంకో బిడ్డ కలిగితే పుట్టగానే తుంటి చూడమని నువ్వే అడగాలి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

పరుగెడుతోంది కదా అని ఎక్స్‌రేలు మానెయ్యకు. గిన్నె లోతు పెరగకపోయినా, ఎముక తలకి రక్తం సరిగ్గా అందకపోయినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు, ఫిల్ములోనే కనిపిస్తుంది. ఎదుగుదల ఆగేదాకా పిలిచినప్పుడల్లా వెళ్లాల్సిందే. ఆ ఫైలు బీరువాలో పెట్టు, మన ఇళ్లల్లో ఎక్స్‌రే ఫిల్ములన్నీ గ్రహణం చూడ్డానికి పోతాయి (అలా చూడటమూ తప్పేననుకో). ఈసారి తారీఖు ముందే చెప్పు, మీ పెదనాన్నని ఇంటి దగ్గర వదిలేసి నేనొస్తాను. టోకెన్ కోసం ఎంతసేపు కూర్చోబెడతారో ఏమో, పులిహోర చేసి తెస్తాను.

పెద్దమ్మ