‘గెట్’ని ఎక్కడ పట్టుకోవాలి?

ప్రశ్న: మేం లియోన్‌లో ఉంటున్నాం. మా కింది అంతస్తులోని ఫ్రెంచ్ పెద్దావిడ ఈ వయసులో ఇంగ్లీషు మొదలుపెట్టారు. కూతురు డబ్లిన్‌లో స్థిరపడింది, మనవరాలికి ఫ్రెంచ్ అంతంతమాత్రం. సందేహాలన్నీ నన్నే అడుగుతారు. మొన్న ‘గెట్’ అంటే ఏమిటన్నారు. ‘పొందడం’ అని ఫ్రెంచ్‌లో చెప్పేశాను. మర్నాడు మనవరాలి మెసేజీలు తెచ్చి చూపించారు. ‘డిడ్ యూ గెట్ మై ఫొటో?’, ‘ఇట్స్ గెటింగ్ డార్క్’, ‘ఐ డోంట్ గెట్ ఫ్రాక్షన్స్’, ‘ఐ గాట్ టు హోల్డ్ ద బేబీ’. మొదటిదాంట్లో తప్ప పొందడం ఎక్కడా అతకలేదు. నాకూ తెలియదని అప్పుడే తెలిసింది! ఆవిడకి ఎలా చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ప్రశ్న నాకు పాత చుట్టమేనమ్మా. నాంత్‌లో పన్నెండేళ్లు సాయంత్రం పూట పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పాను. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన నోట్‌బుక్కులో ఎడమవైపు ‘గెట్’ అని ఒక్కసారి రాసి, కుడివైపు ఫ్రెంచ్ అర్థాలు రాసుకుంటూ వచ్చేవాడు. ఒబ్తెనీర్ (పొందడం), రెసెవ్వార్ (అందుకోవడం), దెవెనీర్ (అవడం), కోంప్రాంద్ర్ (అర్థం చేసుకోవడం)... రెండో పేజీ సగమయ్యాక పెన్ను మూసి, ‘మదామ్, ఇది మాట కాదు, చెత్తబుట్ట’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు.

పొరపాటు ఆ జాబితాలోనే ఉంది. మన ‘పట్టు’ చూడండి. దొంగని పట్టారు, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది, ముసురు పట్టింది, చొక్కా పట్టలేదు. వీటికి అర్థాల పట్టిక ఎవరైనా మనచేత బట్టీ పట్టించారా? పక్కన ఉన్నది నిద్రా తుప్పా అని చూస్తాం, అర్థం అదే తెలిసిపోతుంది. మనకి క్రియ చివర ఉంటుంది కాబట్టి ఎడమవైపు చూస్తాం, ఇంగ్లీషులో కుడివైపు చూడాలి. అంతే తేడా.

మీ పెద్దావిడకి ‘పట్టు’ చెబితే లాభం లేదు, ఆవిడ భాషలోంచే ‘కూ’ తీయండి. కూ అంటే దెబ్బ. కూ ద ఫిల్ అంటే తీగ దెబ్బ కాదు, ఫోన్ కాల్. కూ ద సొలేయ్ అంటే ఎండకి చర్మం కమలడం. కూ ద మేఁ చేతి దెబ్బ కాదు, చేతిసాయం! ‘ఇన్ని అర్థాలు మీకెలా గుర్తుంటాయి?’ అని అడిగి ఊరుకోండి. మా క్లాసులో ఈ ప్రశ్న వేసినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లకి అవి అన్ని అర్థాలని అంతకుముందెప్పుడూ తోచలేదు మరి.

ఇప్పుడు మెసేజీలకి వద్దాం. మొదటి దాంట్లో గెట్ తర్వాత వస్తువుంది, ఫొటో. వస్తువుంటే అది చేతికి రావడం. కొన్నా, అడిగి తెచ్చుకున్నా, దానంతటది వచ్చినా గెట్‌కి పట్టింపు లేదు. ఫ్రెంచ్‌వాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. ‘ఒబ్తెయిన్’, ‘రిసీవ్’ అనే మాటలు వాళ్లింటి మాటల్లాగే ఉంటాయి కాబట్టి గెట్‌ని వదిలి వాటివైపు పరిగెడతారు. తప్పేం కాదు గానీ, మనవరాలికి ‘ఐ రిసీవ్డ్ యువర్ ఫొటోగ్రాఫ్’ అని రాస్తే ‘మీ ఛాయాచిత్రము అందినది’ అన్నట్టుంటుంది. ఆ పిల్ల నవ్వుకుంటుంది.

దీని వెనక కథ నాకు మహా ఇష్టం, చెప్పకుండా ఉండలేను. గెట్ అసలు వైకింగుల మాట, అంటే ఉత్తరాన స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన యోధులది. వాళ్ల భాషలో ‘గెటా’. ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డ వైకింగుల నోటినుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అలాంటి వైకింగులే 911లో ఫ్రెంచ్ రాజు దగ్గర సేన్ నది ముఖద్వారం పక్కన భూమి పుచ్చుకున్నారు. ఆ భూమే నార్మండీ, ఆ పేరుకి అర్థం ఉత్తరాదివాళ్ల నేల అనే. అక్కడ కొన్ని తరాల్లో సొంత భాష మరిచిపోయి ఫ్రెంచ్‌వాళ్లయిపోయారు. వాళ్ల వారసులే 1066లో ఇంగ్లండ్‌ని గెలిచి, తర్వాత రోజుల్లో ఒబ్తెయిన్, రిసీవ్ లాంటి దర్బారు మాటలు రావడానికి దారి వేశారు. వెళ్లేసరికి తాతలనాటి గెట్ అక్కడ వంటింట్లో, పొలంలో తిరుగుతోంది! కాబట్టి ‘ఇది మాకు పరాయి మాట’ అని నార్మండీ వాళ్లెవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండో మెసేజీ, చీకటి పడుతోంది. గెట్ తర్వాత గుణం చెప్పే మాట వస్తే ఆ స్థితిలోకి మారడం. ఫ్రెంచ్‌లో దెవెనీర్ ఉన్నా అది అన్నిచోట్లా అతకదు, అందుకే ఆవిడ తికమకపడుతూ ఉండొచ్చు. ముసలివాళ్లవడానికి వ్యెయీర్, ఎర్రబడడానికి రుజీర్, సన్నబడడానికి మెగ్రీర్ అని దేనికదే క్రియ. పెళ్లి చేసుకోవడం, బట్టలు వేసుకోవడం, దారి తప్పడం లాంటి చోట్ల ముందు ‘స’ చేరుస్తారు. స మార్యే, సాబియే, స పెర్ద్ర్. ఈ మూడూ ఇంగ్లీషులో గెట్‌తోనే సరిపెట్టేస్తారు. మీ ‘స’ ఉన్నచోట ఒకసారి గెట్ పెట్టి చూడండని ఆవిడతో చెప్పండి. ప్రతిసారీ కుదరదు, చాలాసార్లు కుదురుతుంది.

మూడోది త్వరగా తేలిపోతుంది. లెక్క బుర్రలోకి రావడం. మనమూ ‘అందలేదు’ అంటాం కదా.

మెసేజీల్లో లేకపోయినా తప్పక చెప్పాల్సింది ఒకటుంది. మన రైల్వే ఆయన ఒకరోజు నున్నగా కటింగ్‌తో వచ్చి, ‘ఐ కట్ మై హెయిర్’ అన్నాడు. సొంతంగా కత్తిరించుకున్నాడనుకుని, వెనకవైపు కూడా ఇంత చక్కగా ఎలా కుదిరిందని నిజంగానే అడిగాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, మంగలికి డబ్బులిచ్చానన్నాడు. అలాంటప్పుడు ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. ఫ్రెంచ్‌లో దీనికి సరిగ్గా సరిపోయేది ఉంది, ‘స ఫేర్ కుపే లే షెవ’. మన ‘చేయించుకున్నాను’ కూడా అదే. ‘ఇంచు’ ఉన్నచోట వాళ్లకి ‘ఫేర్’, ఇంగ్లీషుకి గెట్.

‘గెట్ అప్’, ‘గెట్ ఆఫ్’, ‘గెట్ బై’ లాంటివి ఇప్పుడే ముట్టుకోకండి. అవి జంట మాటలు, ఎదురైనప్పుడు ఒక్కొక్కటీ నేర్చుకోవచ్చు. కానీ ‘గెట్ ద డోర్’ మాత్రం ముందే చెప్పి ఉంచండి. హోటల్లో పనిచేసే నా విద్యార్థినిని, రెండు చేతులా పెట్టెలు పట్టుకున్న అతిథి ఆ మాట అడిగాడట. తలుపు ఎక్కణ్ణుంచి తెమ్మంటున్నాడో తెలియక ఆమె కారిడార్ అంతా చూసిందట. తలుపు తియ్యమన్నాడు, అంతే.

ఇక పాపాయి మెసేజీ. పెద్దావిడ దాన్ని ‘ఎత్తుకోవాల్సి వచ్చింది’ అని చదివి, చిన్నపిల్ల చేత చాకిరీ చేయిస్తున్నారని బాధపడి ఉంటే ఆశ్చర్యం లేదు. ‘ఐ హావ్ గాట్ టు’ అంటే తప్పనిసరి. ‘హావ్’ లేకుండా, జరిగిపోయిన సంగతిగా ‘ఐ గాట్ టు’ అంటే చాలావరకు దానికి తలకిందులు, కోరుకున్నది చేసే అవకాశం దొరకడం. వాడుకలో ‘హావ్’ని మింగేసి ‘ఐ గాట్ టు గో’ అనేవాళ్లున్నారు, అది వెళ్లాలనే. అందుకని నిన్నటి సంగతా, ఇప్పటి పనా అని చూడమనండి. ఇక్కడ పిల్ల చెబుతున్నది అయిపోయిన ముచ్చట. ఫ్రెంచ్‌లో ‘ఓఁ మా లెసే పొర్తే ల బెబే’ అని చెప్పండి. ‘పాపాయిని నాకు ఎత్తుకోనిచ్చారు!’ అంటోంది ఆ పిల్ల.