రెక్క ముక్క చూసి కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

"ఒక్క రెక్క దొరికితే 70 సెంటీమీటర్ల తూనీగ అనేస్తారు, ఇదంతా ఊహే కదా" అని అడిగారు. సైజు వరకు మీ అనుమానం న్యాయమే. కానీ కొత్త జాతికి పేరు పెట్టేది రెక్కలోని ఈనెల్ని (నరాల్లాంటి గీతల్ని) చూసి, సైజుని చూసి కాదు.

చదువుకునే రోజుల్లో ఒక మ్యూజియంలో శిలాజ రెక్కలకు బొమ్మలు గీసే పని చేశాను. రాయిని మామూలుగా చూస్తే మరక తప్ప ఏమీ కనబడదు. గదిలో లైట్లు ఆర్పేసి, ఒక పక్కనుంచి బాగా వాలుగా వెలుతురు పెట్టి, రాయిని కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే అప్పుడు ఈనెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. తూనీగ రెక్క చదునుగా ఉండదు, కొన్ని ఈనెలు గట్టు మీద, కొన్ని పల్లంలో ఉంటాయి, ఏది ఏ ఈనో గుర్తుపట్టడానికి అదే పెద్ద ఆధారం. తిరకాసు ఏంటంటే, రాయి రెండుగా చీలినప్పుడు ఒక పలకలో గట్టు రెండో పలకలో పల్లం అవుతుంది, చేతిలో ఉన్నది ఏదో ముందు తేల్చుకోకపోతే కుడి రెక్క కాస్తా ఎడమ రెక్క అయిపోతుంది!

ఆ తర్వాత పెద్ద ఈనెలు ఎక్కడ చీలాయి, ఎన్ని కొమ్మలేశాయి అని తెలిసిన జాతులతో పోల్చాలి. చిన్న అడ్డ ఈనెల్ని నమ్ముకోకూడదు, ఇప్పటి తూనీగకే కుడి ఎడమ రెక్కల్లో వాటి లెక్క కలవదు. ఇప్పటివాటికి రెక్క ముందు అంచు మధ్యలో ఒక నొక్కు, కొస దగ్గర రంగు మచ్చ ఉంటాయి. తూనీగలా కనిపించే మెగాన్యూరా అనే పాతకాలపు పెద్ద పురుగుకి ఆ రెండూ లేవు, అందుకే అది అసలు తూనీగ కాదు, దూరపు చుట్టం. ఫ్రాన్స్‌లోని కొమాంత్రి బొగ్గు గనుల్లో దొరికిన దీనికి 1885లో షార్ల్ బ్రోన్యార్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు, వయసు సుమారు 30 కోట్ల ఏళ్ళు.

ఇక సైజు. విరిగిన ముక్కని దగ్గరి జాతి పూర్తి రెక్కతో పోల్చి మిగతాది లెక్కగడతారు, దాన్ని రెట్టింపు చేసి ఛాతీ వెడల్పు కలుపుతారు, వార్తల్లో చెప్పే సైజు ఇలా వచ్చిన రెక్కల వెడల్పే. శిలాజ కీటకాల నిపుణుడు ఫ్రాంక్ కార్పెంటర్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎల్మో దగ్గర దొరికిన శిలాజానికి 1939లో మెగాన్యూరాప్సిస్ పెర్మియానా అని, ఓక్లహోమాలో దొరికిన 28 సెంటీమీటర్ల రెక్క ముక్కకి 1947లో మెగాన్యూరాప్సిస్ అమెరికానా అని పేర్లు పెట్టారు. ఈ రెండోది బహుశా మొదటి జాతే అని ఇప్పుడు అనుకుంటున్నారు. అంటే అంత అనుభవం ఉన్నవాళ్ళకి కూడా ముక్క చాలకపోవచ్చు.

కాబట్టి ఈసారి వార్తలో 71 సెంటీమీటర్లు అని కనిపిస్తే అసలు పేపర్‌లో రెక్క బొమ్మ వెతకండి. నిండు గీత దొరికిన భాగం, చుక్కల గీత ఊహించింది. చుక్కలే ఎక్కువుంటే సైజుని పక్కన పెట్టి ఈనెల వర్ణన చదవండి.