పాత పంక్ బట్టల స్టాల్ పెడతానంటున్న మా మేనకోడలికి

బుజ్జీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, అది ఉద్యోగం మానేసి లండన్‌లోని క్యామ్డెన్‌లో పాత బట్టల స్టాల్ పెడుతుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడి టెన్షన్ నాకూ పట్టుకుంది. ఏం బట్టలురా అంటే "ఏవో పంకట, న్యూ వేవట, రాక్ పాటల కుర్రకారు తిరుగుబాటుగా వేసుకున్నవట, నీ కాలం నాటివేనట" అన్నాడు. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు. భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది. ఇంత మాట నాకు ముందు చెప్పనందుకు కోపం కూడా ఉంది, అది కలిసినప్పుడు తీర్చుకుంటాను.

అద్దె కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టు. ఇన్సూరెన్స్ చేయించు. ఏ రోజు లెక్క ఆ రోజే రాసుకో. ఉన్ని బట్టలకు పురుగు పట్టకుండా చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఆ రోజుల్లో పంక్ బట్టల కొట్లు ఎలా ఉండేవన్నది. 1977లో నాకు పదిహేడేళ్ళు. పట్నీలో 22వ నంబరు బస్సెక్కితే కింగ్స్ రోడ్డులో దిగేదాన్ని. ఆ రోడ్డు చివర, వరల్డ్స్ ఎండ్ దగ్గర, 430 నంబరు కొట్టు. పంక్ బ్యాండ్ మేనేజరు మాల్కమ్ మెక్‌లారెన్, బట్టల డిజైనరు వివియన్ వెస్ట్‌వుడ్ నడిపేవాళ్ళు. ఆవిడ అంతకుముందు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన టీచరు. 1971లో 'లెట్ ఇట్ రాక్' అని మొదలుపెట్టి, పేరు మారుస్తూ మారుస్తూ 1974కి 'సెక్స్' అన్నారు. నేను వెళ్ళేనాటికి అది 'సెడిషనరీస్'. బయటికి ఏమీ కనపడని గరుకు గాజు, పక్కన చిన్న ఇత్తడి పలక, అంతే. తలుపు తోయడానికే గుండె దడదడలాడేది. లోపల గోడ మీద పికడిల్లీ సర్కస్ ఫొటో తలకిందులుగా ఉండేది.

కౌంటర్ దగ్గర జోర్డన్ అనే ఆవిడ ఉండేది. సముద్రం ఒడ్డున ఉన్న సీఫోర్డ్ నుంచి రోజూ రైల్లో వచ్చేది, కొట్లో కనిపించే ఆ వింత జుట్టుతో, ఆ బట్టలతోనే. తోటి ప్రయాణికులు గొడవ చేస్తున్నారని రైలువాళ్ళు ఆవిణ్ణి ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టారని చెప్పుకునేవాళ్ళం. ఆవిడ 2022లో పోయింది. ఆ డిసెంబరులోనే వెస్ట్‌వుడ్ కూడా. ఆ రెండు వార్తలూ చదివి నేను ఎంత ఏడ్చానో మీ మామయ్యనడుగు.

కొనడానికి మా దగ్గర డబ్బులేవీ? మోకాళ్ళను కలిపి కట్టే పట్టీ ఉన్న బాండేజ్ ప్యాంట్లు, చేతులు వేళ్ళు దాటి వేలాడే పల్చటి మస్లిన్ చొక్కాలు, వదులుగా అల్లిన మోహేర్ అనే మేక ఉన్ని స్వెట్టర్లు, అన్నీ తాకి చూసి వచ్చేసేవాళ్ళం. తర్వాత దానమిచ్చిన పాత బట్టలమ్మే చారిటీ షాపులో మగవాళ్ళ చొక్కా ఒకటి కొని, కత్తిరించి, మీ నానమ్మ గాజులకు తగిలించుకునే పిన్నీసులు తీసి దానికి గుచ్చేదాన్ని. ఆవిడ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. ఆ మర్నాడు చూస్తే ఆ చొక్కా చిరుగు దగ్గర ఇంకా చిరగకుండా లోపల సన్నగా కుట్టేసి ఉండేది. ఆ చొక్కా నా దగ్గరే ఉంది, అది అమ్మకానికి కాదు.

అదే రోడ్డులో ఆంటిక్వేరియస్ అనే పాతవస్తువుల మార్కెట్ నేలమాళిగలో 'ఆక్మీ అట్రాక్షన్స్' అనే బట్టల కొట్టు ఉండేది. డాన్ లెట్స్ అనే కుర్రాడు అక్కడ పనిచేస్తూ జమైకా రెగే పాటలు గట్టిగా పెట్టేవాడు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ మెట్ల మీద గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. బ్యూఫోర్ట్ మార్కెట్లో పాలీ స్టైరీన్ అనే పంక్ గాయని స్టాల్ పెట్టింది. ఆవిడ తండ్రి సోమాలియా మనిషి. పళ్ళకు క్లిప్పులు, మన ఛాయ, మెరిసిపోయే ప్లాస్టిక్ నగలు. ఆవిణ్ణి చూశాకే ఈ బట్టలు నావి కూడా అనిపించింది నాకు.

ఇప్పుడు అసలు విషయం. ఇది రెండుసార్లు చదువు.

నాకో స్నేహితురాలుండేది, ఇంకో మార్కెట్లో చిన్న స్టాల్ నడిపేది. శనివారాలు నేను సాయం వెళ్ళేదాన్ని. చేతికి మంచి పనితనం. మొదట్లో తనే కత్తిరించి, తనే రంగువేసి అమ్మేది. స్టాల్ ముందు ఎప్పుడూ నలుగురైదుగురు పిల్లలు కూర్చుని ఉండేవాళ్ళు. ఒక బ్యాడ్జీ కొంటే గొప్ప. కానీ ఎవరు ఏ బ్యాండులో చేరారు, ఎవరు జుట్టుకు ఏ రంగు వేశారు, ఈ వారం ఏది పాతబడింది, అన్నీ వాళ్ళ కబుర్లలోనే తెలిసేవి. తర్వాత టూరిస్టులు రావడం మొదలైంది. డబ్బు కనపడింది. ఈ పిల్లలు అడ్డంగా ఉన్నారని చెప్పి, కొనేవాళ్ళు మాత్రమే లోపలికి రావాలని బోర్డు రాసి తగిలించింది. వద్దన్నాను. "వీళ్ళ వల్ల నాకేం గిట్టుతుంది?" అంది.

పిల్లలు ఒక్క మాటా అనలేదు. ఎదురుగా ఉన్న ఇంకో స్టాల్‌కి వెళ్ళిపోయారు. అక్కడ ఒక బెంచీ ఉంది, టీ కాచే కెటిల్ ఉంది.

అప్పుడే గాలి మారుతోంది. 1978లో కోవెంట్ గార్డెన్‌లో 'పీఎక్స్' అనే బట్టల కొట్టు తెరిచారు, తర్వాత పాటగాడైన స్టీవ్ స్ట్రేంజ్ అక్కడే పనిచేసేవాడు. కుచ్చుల చొక్కాలు, పాతకాలపు సైనికుల కోట్లలాంటివి వస్తున్నాయి. 430 నంబరు కూడా మళ్ళీ పేరు మార్చుకుని, నేల ఏటవాలుగా, గడియారం వెనక్కి తిరిగేలా 'వరల్డ్స్ ఎండ్' అయింది. ఆ పిల్లలు ఉండి ఉంటే ఈ మాట నెలల ముందే ఆమె చెవిన పడేది. ఆమె మాత్రం అప్పుచేసి గళ్ళ బాండేజ్ ప్యాంట్లు పెట్టెలకు పెట్టెలు కుట్టించింది. టూరిస్టులు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ పెట్టెలు విప్పకుండానే మిగిలాయి. స్టాల్ ఖాళీ చేసిన రోజు వాటిని మోసిందీ నేనే. ఆమె మళ్ళీ కత్తెర పట్టుకోలేదు, బుజ్జీ. నాకు ఇప్పటికీ బాధ అదే.

అందుకని నీ స్టాల్‌లో ముందు ఒక బెంచీ వెయ్యి. స్థలం లేదంటావు, ఒక హ్యాంగర్ల వరస తీసేయి. జేబులో పైసా లేకుండా వచ్చి చొక్కా తిరగేసి కుట్లు చూసే పిల్లని పేరడిగి కూర్చోబెట్టు.

నకిలీల సంగతి. సెడిషనరీస్ డిజైన్లను 1980లలో 'బాయ్' అనే ఇంకో కొట్టు మళ్ళీ అచ్చువేసింది. తర్వాత ఎవరెవరో కొత్తగా కుట్టి పాతవని అమ్ముతున్నారు. మెక్‌లారెన్ బతికున్న రోజుల్లోనే దీని మీద గొడవపడ్డాడు. లేబుల్ ఒక్కటే చూసి నమ్మకు, లేబుల్ కుట్టడం అందరికన్నా తేలిక. బట్ట, జిప్పు, దారం పాతబడిన తీరు చూడు. అనుమానం ఉంటే ఆ అనుమానాన్నే చీటీ మీద రాసి అమ్ము.

ఇంకొకటి. నాజీ స్వస్తిక్ ఉన్న 'డిస్ట్రాయ్' చొక్కాలు నీ దగ్గరికి వస్తాయి, వేల పౌండ్లు ఇస్తామంటారు. మన గడపకు పసుపుతో వేసుకునే గుర్తు కాదు అది. 1979 ఏప్రిల్ 23న సౌతాల్‌లో వలస వచ్చినవాళ్ళని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ మీటింగ్‌ని అడ్డుకోవడానికి మనవాళ్ళు రోడ్డెక్కిన రోజు బ్లెయిర్ పీచ్ అనే టీచర్ పోలీసులు కొట్టగా చనిపోయాడు. ఆ సాయంత్రం మీ తాతయ్య ఆసుపత్రి డ్యూటీ నుంచి ఇల్లు చేరేదాకా మేము కిటికీ దగ్గరే నిలబడ్డాం. ఆ చొక్కాని మ్యూజియానికి ఇవ్వు, వాళ్ళు దాని కథ పక్కన రాసి పెడతారు. నీ స్టాల్ ముందు మాత్రం వేలాడదీయకు. ఈ ఒక్కదాంట్లో నా మాట కాదనకు.

చీకటి పడ్డాక ఒంటరిగా క్యాష్ పట్టుకుని నడవకు. నవ్వకు, ఆ రోజుల్లో టెడ్డీ బాయ్స్ అని 1950ల ఫ్యాషన్ వదలని కుర్రాళ్ళు కింగ్స్ రోడ్డులో పంక్ పిల్లల్ని వెంటపడి కొట్టడం కళ్ళారా చూశాను. మధ్యాహ్నం తిండి మానకు.

నువ్వు కొన్నానన్న ఆ మోహేర్ స్వెట్టర్‌ని నేనొచ్చేదాకా నీళ్ళలో పెట్టకు. శనివారం పొద్దున్నే వస్తాను. ఈలోగా జిప్పులవీ లోపలి కుట్లవీ ఫొటోలు తీసి పంపు. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

అత్తయ్య