ఊపిరి కుదరకపోతే విల్లు దించు

పాపా,

ఆర్చరీ సెలెక్షన్స్‌కు పేరిచ్చావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. మన చిత్తూరు పిల్ల 70 మీటర్ల అవతలికి గురిపెడుతుందంటే గుండె నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. చిన్నప్పుడు పిల్లికూతలతో నువ్వు ఆయాసపడుతుంటే, మీ జేజి నిన్ను భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరగడం ఇంకా నా కళ్లలోనే ఉంది.

నిలబడే తీరు, చెయ్యి, భుజం మీ కోచ్ చూసుకుంటారు. వేళకు తిను. నేను చెప్పేది ఊపిరి గురించే.

బాణం వేసే గీత దగ్గరికి వెళ్లేముందు నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చు, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులు. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడమే ఎక్కువసేపు ఉండాలి. విల్లు ఎత్తుతూ పీల్చు. నారి గడ్డానికి ఆనుకునేటప్పుడు సగం ఊపిరి వదిలెయ్. ఆ కుదురులోనే బాణం విడువు. బిగబట్టొద్దు.

బిగబట్టి చెడింది నేను. వెదురు విల్లు, 50 మీటర్లు, చివరి బాణం. కదలకుండా ఉంటే గురి కుదురుతుందని రొమ్ము నిండా పీల్చి ఆపేశాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత చెవుల్లో గుండె చప్పుడు. బాణం మొన వణికింది. పసుపు, ఎరుపు వలయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దించెయ్యాలని తెలుస్తూనే ఉంది. ఎత్తిన విల్లు దించితే భయపడ్డాడంటారని దించలేదు. చివరికి ఊపిరాడక వదిలేశాను. నారి ముంజేతికి చెళ్లున తగిలింది, బాణం పోయి పక్కవాడి బోర్డులో దిగింది. సున్నా. దాన్ని పీక్కోవడానికి నడిచిన ఆ 50 మీటర్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఇంటికొచ్చాక మీ జేజి కందిన చేతికి కొబ్బరినూనె రాసింది, ఏమైందని అడగలేదు.

మ్యాచ్‌లో ఒక్కో బాణానికి 20 సెకన్లే, నిజమే. అయినా కుదరలేదనిపిస్తే దించి, ఒక ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తు. ప్రాక్టీసులో రోజూ పదిసార్లు కావాలనే ఎత్తి, వదలకుండా దించు. దించడానికి సిగ్గుపడే అలవాటు ఇప్పుడే పోవాలి.

ఇంకొకటి. టెన్షన్‌కని ఎవరేం మాత్ర ఇచ్చినా మింగావంటే ఊరుకోను. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు ఆర్చరీలో నిషేధం. పైగా ఆయాసం ఉన్న ఒంటికి అవి ప్రమాదం. విసుక్కున్నా సరే, ఈ మాట వందసార్లు చెబుతాను తల్లీ.

తిరుపతిలోనే ఉంటావు కదా, ఆదివారం తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కు. 3,550 మెట్లూ అక్కర్లేదు, గాలిగోపురం దాకా చాలు. రెండు మెట్లకు పీల్చు, మూడు మెట్లకు వదులు. పైన నిలబడి, ఊపిరి ఎంతసేపటికి కుదురుతుందో చూసుకో. వారం వారం ఆ సమయం తగ్గుతుంటే నాకు రాయి. ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుంటే అక్కడే కూర్చో, మొండిగా ఎక్కొద్దు.

ఇన్‌హేలర్ బాణాల సంచి జేబులోనే ఉండాలి, హాస్టల్ గదిలో కాదు. పెట్టుకున్నానని రేపు ఫోన్ చెయ్. ఆ మాట వినేదాకా నాకు నిద్ర రాదు.

మీ పెద్దనాయన