ఇసుకలో టెంట్ మేకులు ఊడిపోతుంటే

మీ మేకులు ఇసుకకు పనికొచ్చేవి కావు, టెంట్ లేచిపోయింది అందుకే. ఎడారి రేసు చూడ్డానికి పిల్లలతో వెళ్లి, అర్ధరాత్రి గాలికి టెంట్ ఎగిరిపోతుంటే నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని కూర్చున్నామని రాశారు. సన్న మేకు గట్టి నేల కోసం చేసింది. పొడి ఇసుకలో ఎంత లోతుకు కొట్టినా వెన్నలో పుల్లలా జారి వచ్చేస్తుంది.

1. గట్టి గుడ్డసంచులు ఖాళీగా తీసుకెళ్లండి. అక్కడి ఇసుకే నింపి, మూతి కట్టి, టెంట్ తాడును సంచి నడుముకు ముడేయండి.

2. మూరెడు లోతు గొయ్యి తీసి సంచిని తాడుకు అడ్డంగా పడుకోబెట్టండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: గొయ్యి నుంచి టెంట్ వైపు తాడు కోసం ఏటవాలుగా చిన్న కాలువ తవ్వాలి. తాడు నిటారుగా పైకొస్తే గాలి లాగిన ప్రతిసారీ సంచి కొంచెం కొంచెం పైకి జరుగుతుంది. ఏటవాలుగా వస్తే ఆ లాగుడంతా ముందున్న ఇసుక గోడ మీద పడుతుంది.

4. ఇసుక పోస్తూ పొరపొరకీ కాలితో తొక్కండి. ఆ తర్వాతే తాడు బిగించండి.

టెంట్ గుమ్మం గాలికి ఎదురుగా పెట్టొద్దు.

పిల్లలున్నారు కాబట్టి ఇంకో మాట. ట్రాక్ మలుపు బయటివైపు టెంట్ వేశామన్నారు, దయచేసి అక్కడ వద్దు. అదుపు తప్పిన బండి దూసుకొచ్చేది అటే. రాత్రీ నడిచే రేసైతే మరీ ప్రమాదం. ట్రాక్‌కు బాగా దూరంగా, గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపున వేసుకోండి. దుమ్ము కూడా మీ మీదకి రాదు.